రుమాలు రెండో కొస

"ఇస్త్రీ చేసి పెట్టిన తెల్ల రుమాళ్ళు రెండు కనబడటం లేదు. మేకలు మేశాయా ఏం?"

"ఇంట్లో ఏది పోయినా ముందు నేనే దొరుకుతాను, ఎవాంథియా," అన్నాడు స్తమాతిస్.

ఆదివారం గ్రీసులో వోలోస్ పట్నం పక్క తమ ఊరి తిరునాళ్లలో నాట్యబృందం పాత ఫొటోలు తెరమీద చూపడానికి ఎవాంథియా ఒక యాప్ తయారుచేసింది. ఆ ఫొటోలన్నీ భర్త స్తమాతిస్ క్లౌడ్ ఖాతాలో ఉన్నాయి.

"సరే, నా యాప్‌కి నీ అనుమతి కావాలి."

"పాస్‌వర్డ్ చెప్తా, రాసుకో."

"వద్దు, అది యాప్‌కి తెలియకూడదు. క్లౌడ్ వాళ్ల పేజీలో నువ్వే లాగిన్ అవు. వాళ్లు యాప్‌కి అనుమతి చీటీ లాంటిది ఇస్తారు."

"ఒక్క ఫోల్డరా, అన్నీనా అని అడుగుతోంది."

"నాట్యం ఫోల్డరు ఒక్కటే."

"ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెడతామా? అన్నీ ఇచ్చేశా."

ఆమె లాప్‌టాప్‌లో ఫొటోలు వరసగా దిగాయి. తనే టైమరు పెట్టి తీసుకున్న కొన్నిట్లో, గ్యారేజీలో స్తమాతిస్, నాట్యం నడిపేవాడి రుమాలు రెండో కొస పట్టుకునే పక్కవాడి చేతికి బదులు తలుపు గడియకు కట్టిన తెల్ల రుమాలు పట్టుకుని, ఒంటికాలి మీద ఎగురుతున్నాడు. తమ పెళ్ళిలో కూడా అడుగు కదపని మనిషి.

"ఊరంతా చూస్తే నా పరువేం కాను?"

"చూడరు. ఆ అనుమతి రద్దు చేసి, ఒక్క ఫోల్డరుకే మళ్ళీ ఇవ్వు." ఆమెకు నవ్వు ఆగలేదు. "బాగా ఎగురుతున్నావు. ఎందుకు దాచావు?"

"పడితే గడియ నవ్వదు కదా."

మధ్యాహ్నం తల్లి చిక్కుళ్ళ పులుసు వడ్డిస్తుంటే స్తమాతిస్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆదివారం నాట్యం ముందుండి నేనే నడుపుతాను."

"నువ్వా? రుమాలు రెండో కొస ఎవరు పట్టుకుంటార్రా?"

"ఈసారి గడియ కాదత్తయ్యా," అంది ఎవాంథియా, "నేను."