కుడిపైట

బీచ్ రోడ్డు ప్రదర్శనలో, రాగిరేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన ఆ బొమ్మ ముందు అక్కాతమ్ముళ్లు ఆగిపోయారు. కొండ వైపు సాగిపోయే కాలువ, చప్పుడు లేని నీళ్లు. ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేశాక వాళ్లు ఆ కాలువను చూడటం ఇదే మొదటిసారి.

"అప్పా, మన కాలవే. పక్కన సీటీ మీద మనూరి పేరు రాసినారు," అన్నాడు తమ్ముడు.

"మరి మనిల్లు కుడిగట్టు మీదుందేటిరా? మనది ఎడంగట్టు కదా."

"నువ్వు మర్సిపోయుంటావు."

"ఇల్లు మర్సిపోతానేటి?" అంది గానీ ఆమెకే అనుమానం పట్టుకుంది. ఈమధ్య తాళంచెవులే గుర్తుండటం లేదు. వెళ్లి చూసుకుందామంటే అక్కడ ఊరే లేదు.

"మనింటి సింతసెట్టూ అటే ఉంది. నాదే తప్పేమో."

"పోన్లే అప్పా."

"ఉండరా. బిందెతో నిలబడింది అమ్మలాగ లేదూ?"

"అమ్మే!"

"పైట సూడు."

"ఎడం బుజం మీదుంది."

"మనూర్లో ఆడోలందరూ కుడిపైటే కదా. అమ్మ ఏనాడైనా ఎడంపైట ఏసిందేటి?"

తమ్ముడు తికమకపడి, ఫోన్లో ఫొటో తీసి కుడిఎడమలు తిప్పాడు. ఇల్లు ఎడమగట్టుకు చేరింది. పైట కుడి భుజమెక్కింది.

"రబ్బరు స్టాంపులాగ తిరగబడి అచ్చయిపోనాదప్పా! నువ్వు సెప్పిందే రైటు."

ఆమె పునరావాస కాలనీకి వచ్చాక అందరిలాగే వేసుకుంటున్న తన ఎడంపైటను చేత్తో తడుముకుంది.

"బొమ్మంటే అచ్చులో తిరగబడింది. మరి నన్నెవులు తిప్పేసినార్రా?"