రోజుకి ఎనిమిది గ్లాసులు

సియోల్ చలి ఎముకలు కొరికేస్తోంది. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో లిప్‌బామ్‌లు అమ్మే అమ్మాయి ముందుకు ఒక ముసలామె వచ్చి నిలబడింది.

"ఆ పుదీనాది ఇవ్వమ్మాయ్. చల్లగా ఉంటుందట."

"పగిలిన పెదాలకి అది మండుతుందమ్మా. వాసన లేని ఈ తేనెమైనంది తీసుకోండి. నాలికతో తడుపుకోకండి, పొట్టు పీక్కోకండి. రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగండి."

"మరి నీ పెదాలేంటే, ఎండిన మడిలా నెర్రెలిచ్చాయి? అమ్మేదానివి, పూసుకోవూ?"

"పూసుకుంటానమ్మా."

"నీళ్ళు తాగవూ?"

అమ్మాయి కౌంటర్ పైనున్న సీసీ కెమెరా వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"తాగితే వెళ్ళాలి కదమ్మా. ఇక్కడి బాత్రూం కొనేవాళ్ళకే. మాది మూడంతస్తుల కింద. వెళ్ళొచ్చేలోపు కౌంటర్ ఖాళీగా ఉందని సూపర్‌వైజర్ రాసేసుకుంటాడు. అందుకే పొద్దున్నే ఒక్క గుక్క తాగుతాను, అంతే."

"నీ వయసులో నేను విగ్గుల ఫ్యాక్టరీలో చేశాను. మా మేస్త్రీ బాత్రూంకి తాళం వేసి, తాళంచెవి మొలకి కట్టుకు తిరిగేవాడు. మీ కాలానికి ఆ పీడ పోతుందనుకున్నాం."

"పోయింది కదమ్మా. ఇప్పుడు తాళాల్లేవు."

"అవునవును, ఇందాకే వెళ్ళొచ్చాను. పాలరాళ్ళు, పాటలు, పూలకుండీలు కూడానూ!"

డబ్బిచ్చి బామ్ అందుకున్న ముసలామెకి అమ్మాయి నడుము వంచి దణ్ణం పెట్టి, నేర్పినట్టే పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. కింది పెదవి చిట్లి నెత్తురు చిమ్మింది.

"అయ్యో, నవ్వకే తల్లీ!"

"నవ్వకపోతే అదీ రాసేసుకుంటాడమ్మా."