జరిపిన సున్నాలు

ఇదేం బాగాలేదు అత్తయ్యా. ఇంట్లో అంటే సరే, అది మీరు నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన గది, ఎప్పుడొచ్చినా కాదనను. ఇక్కడికి కూడా రావాలా? పైగా ఆ కుర్చీ డాక్టరుగారిది. ఆయన భోజనానికి వెళ్ళారు కాబట్టి సరిపోయింది.

వెళ్ళరు కదా? సరే, కూర్చోండి. ఎలాగూ తెర మీద ఉన్నది మీ బొమ్మే.

అవును, మీదే. రెండేళ్ళ కిందటి స్కాను. వెన్నుని పక్కనుంచి చూస్తున్నట్టు అనుకోండి. ఈ పెట్టెల్లాంటివి ఎముకలు, మధ్యలో నల్లగా ఉన్నవి డిస్కులు. డిస్కులు మీ వయసుకి భేషుగ్గా ఉన్నాయి. ఆ మాట మీకు అప్పుడే చెప్పాను. అంతవరకూ అబద్ధం ఆడలేదు.

అలా చూడకండి. చెప్తున్నాను కదా.

పొద్దున డాక్టరుగారు ఓ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. మన లెక్క ప్రకారం ఎముకలు గట్టిగా ఉన్నాయని తేలి, ఆ తర్వాత ఎముక విరిగినవాళ్ళు ముగ్గురున్నారట. మీరు మూడోవారు. మీరు నాకేమవుతారో ఆయనకి తెలుసు, అందుకే ఆ వరస దగ్గర వేలు పెట్టలేదు పాపం. ఓసారి మళ్ళీ కొలిచి చూడమ్మా, మన పద్ధతిలోనే లోపముంటే ఆపేద్దాం అన్నారు. ఆరేళ్ళ కష్టం ఆయనది. ఆ ముక్క కూడా కళ్ళజోడు తుడుచుకుంటూ మెల్లగానే అన్నారు.

పద్ధతంటే బ్రహ్మవిద్యేమీ కాదులెండి. నడుం నొప్పని ఎవరొచ్చినా ఎమ్మారై తీస్తాం. డిస్కు జారిందా, నరం నలిగిందా అని చూసి ఇంటికి పంపించేస్తాం. ఈయనేమన్నారంటే, అదే బొమ్మలో ఎముకలు కూడా ఉన్నాయి కదా, వాటినీ ఓ చూపు చూస్తే పోయిందేముంది అని. ఎముక గుల్లబారితే లోపలి జల్లెడ పల్చబడి ఆ ఖాళీలో కొవ్వు చేరుతుంది. కొవ్వు ఈ బొమ్మలో తెల్లగా పడుతుంది. తెలియనివాళ్ళు చూస్తే ఎంత తెల్లగా ఉన్నాయో అని ముచ్చటపడతారు, కానీ అదే చెడ్డ గుర్తు.

అందుకని నడుము దగ్గర నాలుగు ఎముకల మీద నాలుగు సున్నాలు చుట్టాలి, వెన్నుపాము చుట్టూ ఉన్న నీళ్ళలో ఒకటి. ఎముక తెలుపు నీళ్ళకి ఎన్ని రెట్లో కంప్యూటరే చెప్తుంది. మూడు దాటిందా, ఫైల్లో పసుపు చీటీ పెట్టి ఎముకల పరీక్షకి పంపిస్తాం. అక్కడ ఖాయమైతే మందులు మొదలుపెడతారు. సున్నాలు చుట్టేది నేనే.

ఇందులో ఓ తిరకాసుంది. కొందరి ఎముకలో పుట్టుమచ్చలాంటి తెల్లటి చుక్క ఉంటుంది. దానివల్ల ఏ బాధా ఉండదు కానీ, సున్నా దాని మీద పడితే అంకె ఊరికే పెరిగిపోతుంది. అప్పుడు సున్నాని కాస్త పక్కకి జరపొచ్చు. ఒక్కసారే. ఎందుకు జరిపామో పక్కన రాయాలి కూడా.

మీరొచ్చిన రోజు గుర్తుందా? ఇనుము ఉండకూడదని పదిసార్లు చెప్పినా, మీ జాకెట్టు మడతలోంచి మూడు గుండుసూదులు తీశాను. ఒంటి మీద ఎక్కడ ఏ సూది ఉందో మీకే తెలీదు. ఎమ్మారై సొరంగంలోంచి బయటికొచ్చి, మీ మిషనుకి కాస్త నూనె పొయ్యండమ్మాయ్, నాది దీనికంటే నయం అన్నారు. డాక్టరుగారు కూడా నవ్వారు.

లోపలికి వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకున్నారు. ఇదిగో, ఈ చెయ్యే. "ఏమొచ్చినా మావాడితో బాగుందనే చెప్పమ్మాయ్. వాడసలే నా మిషను ఎప్పుడు అవతల పారేద్దామా అని చూస్తున్నాడు."

ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను అత్తయ్యా.

మొదటిసారి చుట్టగానే మూడు పాయింట్ ఆరు. సున్నా సరిగ్గా పడలేదేమో అనుకుని మళ్ళీ చుట్టాను. మూడున్నర. రెండో ఎముకలో చుక్కలాంటిదేదో కనబడింది. కనబడిందో, కనబడాలనుకున్నానో. దాన్ని జరిపాను. తర్వాత ఇంకోటి జరిపాను. సున్నాలు చిన్నవి చేసి, ఎక్కడ కాస్త మసగ్గా ఉందా అని మూలమూలలా వెతికాను. కంప్యూటర్‌కేం తెలుసు, ఎక్కడ చుట్టమంటే అక్కడే కొలుస్తుంది. ఏడోసారికి రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది. దాన్ని ఉంచి మిగతావి చెరిపేశాను. బయటికొచ్చి, దివ్యంగా ఉంది అత్తయ్యా, ఇంకో ఇరవయ్యేళ్ళు కుట్టొచ్చు అన్నాను.

మీరేమో ఆ సంతోషంలో నాకో జాకెట్టు కుట్టిపెట్టారు. ఇప్పటికీ వేసుకోలేదు.

పోనీ నాకు తెలీదా అంటే, ఆ స్కాను కంటే ముందే తెలియాలి. నేలకి జీరాడుతున్నాయని మీ లంగాల, నైటీల అంచులు మీరే మళ్ళీ మళ్ళీ మడిచి కుట్టుకునేవారు. ఈ కాలం బట్ట సాగిపోతోంది, మన్నికే లేదని కొట్టువాణ్ణి తిట్టేవారు. నేనేమో వెటకారం, ఇలాగే పోతే పిల్లల దుకాణంలో కొనాలి మీకు అని. బట్ట సాగలేదు. మీరే కుంగిపోతున్నారు, అంగుళం తర్వాత అంగుళం, రోజూ నా కళ్ళెదుట. ఎముకల బొమ్మలు చూసి జీతం తీసుకునేదాన్ని నేను.

ఎనిమిది నెలలకి పడ్డారు. అదీ ఏం ఎత్తని, జానెడు పీట. పై అరలోంచి దారాల డబ్బా తీయబోయి కాలు జారింది. తుంటి విరిగింది. ఆపరేషను బాగానే జరిగిందన్నారు, తర్వాత ఊపిరితిత్తులకి నిమ్ము పట్టింది. ఆపరేషనైన పన్నెండోరోజు పొద్దున, మీరిక లేరని మీ అబ్బాయి ఫోను చేసినప్పుడు నేను ఈ కుర్చీలోనే ఉన్నాను. ఎవరికో సున్నాలు చుడుతున్నాను. ఆవిడవి పూర్తిచేసే లేచాను, ఎందుకో నాకే తెలీదు.

అప్పట్నుంచీ ఇదీ వరస. లోపల ఎమ్మారై టకటకమని మొదలవగానే మీరు మిషను తొక్కుతున్నట్టే ఉంటుంది. ఎవరి వెన్ను తెర మీదికొచ్చినా ముందు మీదే అనిపిస్తుంది. ప్రతివాళ్ళవీ మూడేసిసార్లు కొలుస్తున్నాను. నాతో పనిచేసే అమ్మాయి చాదస్తం అంటుంది, డాక్టరుగారు శ్రద్ధ అంటారు. భయం అత్తయ్యా, ఇంకేమీ కాదు.

ఇందాక మీవి చుట్టాను. ఎక్కడ చుట్టాలో అక్కడే, నిండుగా. మూడు పాయింట్ ఆరు. అప్పుడు మొదటిసారి వచ్చిందే.

కాగితంలో ఉన్న మిగతా ఇద్దరూ? ఒకాయన మోటారుసైకిలు మీంచి పడ్డాడు, అలా పడితే ఎవరి ఎముకైనా విరుగుతుంది. ఇంకొకావిడ అంకె సరిగ్గా ఆ మూడు గీత దగ్గరే ఉంది. ఇక మిగిలింది మీరు. గట్టి ఎముకలన్నాం, జానెడు పీట మీంచి పడి పోయారు. మీ ఒక్కరి వల్లే ఆయన ఆపేద్దాం అంటున్నారు. నేను నోరు విప్పకపోతే రేపణ్ణుంచి ఎవరికీ పసుపు చీటీ వెళ్ళదు. విప్పితే ఈ గదిలో నాకు పనుండదు. మీ అబ్బాయికీ తెలుస్తుంది.

చెప్తాను. నిజంగా. ఆయనకి చెప్పడానికి ఓ మాట కూడా సిద్ధం చేసుకున్నాను. మా అత్తయ్య బతిమాలింది, మిషను పోతుందని బెంగపెట్టుకుంది, కాదనలేకపోయాను అని. వింటే ఎవరికైనా జాలేస్తుంది. ఇన్నాళ్ళూ నాకే వేసింది.

మీరిలా ఎదురుగా కూర్చుంటే ఆ మాట నోట్లోంచి రావడం లేదు. మీరు అడిగింది మీ అబ్బాయితో చెప్పొద్దని. డాక్టరుకి తెలియొద్దని అన్నారా? మందు వేసుకోనని అన్నారా? ఏ మాత్రయినా నీళ్ళు లేకుండా మింగేసే మనిషి మీరు.

మీకు స్కాను తీసిన ఆ వారమే నన్ను ఈ గదికి ఇన్‌ఛార్జిని చేశారు. పద్నాలుగేళ్ళు ఎదురుచూశాను దానికోసం. పసుపు చీటీ వచ్చిందంటే మిమ్మల్ని పీట ఎక్కనివ్వకూడదు, బరువు ఎత్తనివ్వకూడదు, పగలంతా ఎవరో ఒకరు మీ దగ్గరుండాలి. ఆ ఎవరో ఒకరు మీ అబ్బాయి కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

తలుపు చప్పుడైంది, డాక్టరుగారు వస్తున్నట్టున్నారు. ఆయనకంటే ముందు మీకే చెప్పాలి. ఆ మూడు పాయింట్ ఆరు చూడగానే నాకు మీ నడుము గుర్తు రాలేదు అత్తయ్యా, మీ మిషనూ గుర్తు రాలేదు. ఇంట్లో కూర్చోవాల్సింది నేనే కదా అనుకున్నాను. అనుకున్నాకే సున్నా జరిపాను.