చివరి బెంచీకి చదువు నేర్పిన శ్రీమతి హజరా బీ గారు

1994వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన ఆలూరు మండలంలోని ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా విధుల్లో చేరిన శ్రీమతి హజరా బీ గారు, మూడు దశాబ్దాలు దాటిన సేవానంతరం, ఎమ్మిగనూరు మండలంలోని మా ఉన్నత పాఠశాల నుండి తెలుగు ఉపాధ్యాయినిగా ఈ ఫిబ్రవరి 28వ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మాటలు రాయవలసిందిగా సంచిక బాధ్యులు నన్ను కోరారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు నెత్తి మీద ఉన్న ఈ సమయంలో, వంద రోజుల ప్రణాళికలతోనూ, ప్రత్యేక తరగతులతోనూ, ఏ పూట ఎవరు కూర్చున్నారో ఫొటో తీసి పైవారికి పంపే పనితోనూ సతమతమవుతున్న లెక్కల ఉపాధ్యాయుణ్ని నేను. అలంకారాలు నాకు చేతకావు, ఉన్న ఓపిక కూడా కొంచెమే. పిండి కొద్దీ రొట్టె అని పాఠకులు సరిపెట్టుకోవాలి.

ఆదోని పట్టణంలో పరుపులు కుట్టే కుటుంబంలో జన్మించి, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో కన్నడం వింటూ పెరిగిన హజరా బీ గారు, బంధువర్గం వద్దంటున్నా తెలుగు సాహిత్యమే అభ్యసించి, ఆ భాషనే జీవనోపాధిగా స్వీకరించారు. షేర్ ఆటోలో ఇరుక్కుని ఆలూరు పల్లెలకు తిరిగిన తొలి సంవత్సరాలను గురించి వారు ఎన్నడూ గొప్పగా చెప్పుకోలేదు, నడుము నొప్పి ఆనాటి నుండే మొదలైందని మాత్రం అంటుంటారు. 2011లో పదోన్నతిపై మా పాఠశాలకు వచ్చిన నాటి నుండి నేటి వరకు ఆదోని బస్సు దిగి, గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడి ఊపిరి పీల్చుకుని లోపలికి రావడం వారి అలవాటు.

మా ప్రాంతం సంగతి ఈ సంచిక చదివేవారికి కొత్త కాదు. దసరా దాటిందంటే పల్లెలు సగం ఖాళీ అవుతాయి. ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో పత్తికి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. ఆ పిల్లలు తిరిగి వచ్చేసరికి పాఠాలు అయిపోయి ఉంటాయి, పరీక్ష మాత్రం అందరికీ ఒక్కటే. అటువంటి వారంతా చివరి బెంచీల్లో చేరతారు. బడి విడిచిన తరువాత వారిని కూర్చోబెట్టుకుని చదివించే సాయంత్రపు గంటను హజరా బీ గారు ఎవరూ అడగకుండానే మొదలుపెట్టారు. పెళ్లి పత్రికలు, ఉరుకుంద జాతర కరపత్రాలు, కరెంటు ఆఫీసు నోటీసులు, ఏ కాగితం దొరికినా వారి సంచిలో పడేది. పాఠ్యపుస్తకంలో లేని పేరాను చదివి జవాబులు రాయడమే పదో తరగతి తెలుగు పరీక్షలో మా పిల్లలను ముంచే ప్రశ్న అని వారికి తెలుసు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. నిరుడు జిల్లా అంతటికీ ఒకే తీరున చదవడం, రాయడం పరీక్ష ఒకటి పెట్టారు. మా చుట్టుపక్కల బడులకు ఒక ఆచారం ఉంది: ముందుగా పరీక్ష ముగిసిన బడివారు ఏ పేరా అడిగారో పక్క బడికి ఫోనులో చెబుతారు, ఆ బడి పిల్లలు దానిని వల్లె వేస్తారు. ఆ ప్రకారమే మా తొమ్మిదో తరగతి కూడా వల్లె వేసింది. పరీక్షకు వచ్చిన అధికారి ఎదుట నందిని అనే పిల్ల లేచి, పుస్తకం పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. నడుమ ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోయింది. పిల్ల చూసుకోలేదు, ఆగనూ లేదు. అధికారి తలాడిస్తూ నిండు మార్కులు వేయబోయారు.

"సార్, ఈ పిల్ల సదవలేదు, అప్పజెప్పింది. వేరే పేజీ తీసియ్యండి," అన్నారు హజరా బీ గారు.

వేరే పేజీలో నందినికి ఒక్క వాక్యం కూడా రాలేదు. అధికారి మిగతావారికీ కొత్త పేజీలే ఇచ్చారు. "మార్కులేసే ఆయనకే లేని నొప్పి మీకేంది మేడం? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని అప్పటి ప్రధానోపాధ్యాయులు విసుక్కున్నారు. జిల్లా పట్టికలో మా పాఠశాల అట్టడుగుకు పోయింది, మేమంతా సంజాయిషీలు రాసుకున్నాం. నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ సాయంత్రమే వారు నందినిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పెళ్లి పత్రికలో పెళ్లికూతురి పేరుతో చదువు మొదలుపెట్టించారు.

నందిని ఇప్పుడు పదో తరగతి. గత నెలాఖరులో ఆమె తల్లి రామమ్మ బట్టల మూటతో నేరుగా బడికి వచ్చింది.

"పాసయ్యేది కష్టమని లెక్కల సారే సెప్తాండాడు మేడం. ఈడ కూసోని ఏం సేస్తాది? మాతో వస్తే నాలుగు మిరపకాయలన్నా కోస్తాది."

నేను పక్కనే ఉన్నాను. మాట నాదే గనుక తల వంచుకున్నాను. హజరా బీ గారు వాదించలేదు. సంచిలో నుండి పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితం ఒకటి తీసి, అంతకుముందు ఎన్నడూ చూడని ఆ కాగితాన్ని చదవమని నందినికి ఇచ్చారు. పిల్ల వేలు పెట్టుకుని, తడబడుతూ, వెనక్కి వెళ్లి మళ్లీ అందుకుంటూ చదివింది: మందు కొట్టిన చేనులో భోజనం చేయరాదు, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను, పసిపిల్లలను దగ్గరకు రానీయరాదు.

రామమ్మ మూట కింద పెట్టింది. "ఆ సాళ్లలోనే కదా మేం బువ్వ తినేది. ఇంగొకసారి సదువు పాపా."

రెండోసారి విన్నాక ఆమె ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడి వేసుకుంది. తరువాత, "దీన్ని వాళ్లవ్వ కాడ ఇడిసిపోతా. పరీచ్చ దాకా నువ్వే సూడల్ల మేడం," అంది.

"వచ్చే నెలాఖరుకు నేను దిగిపోతాండానమ్మా. సాయంత్రం గంట మాత్రం నిల్చిపోదు. మాటిస్తాండా," అన్నారు హజరా బీ గారు.

ఆ మాట ఇప్పుడు మా అందరి మెడకూ చుట్టుకుంది. వారి ఖాళీ పరీక్షల లోపల నిండే సూచనలు లేవు. మొన్న స్టాఫ్ రూములో సన్మానానికి ఏ రంగు శాలువా తేవాలని చర్చిస్తుండగా వారు లేచి, "శాలువా సంగతి తర్వాత సూడొచ్చులేప్పా. సాయంత్రం గంట ఎవరు తీసుకుంటారో సెప్పండి," అన్నారు. ఒకరికి బస్సు వేళ, ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి ఇంట్లో చంటిపాప. ఎవరి కష్టమూ అబద్ధం కాదు. చివరకు అందరూ ఎమ్మిగనూరులోనే కాపురమున్న నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

బయటికి వస్తుంటే వారు నా పక్కన నడుస్తూ మెల్లగా అన్నారు: "నీకు ఓపిక లేదని తెలుసు కాశప్పా. నాకు మాత్రం యాడుండె? కూసుంటే అదే వస్తాది."

ఇన్నేళ్లుగా వారు అలసిపోరని అనుకుంటూ వచ్చాను. అలసటతోనే వచ్చి కూర్చునేవారని ఆనాటికి గాని తెలియలేదు.

మేడమ్ గారూ, ఆ రోజు మీకు జవాబు చెప్పలేదు. మార్చి రెండో తేదీ సోమవారం నుండి ఆ గంట నాది. అచ్చులో పడ్డ మాట గనుక వెనక్కి తీసుకునే వీలు లేదు. నందిని గట్టెక్కుతుందని హామీ ఇవ్వలేను. లెక్కల్లో అనుమానమే, చెప్పేది నేనే గనుక ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ తెలుగు పరీక్ష ముగిసిన మధ్యాహ్నం ఆమెను ఆదోని బస్సు ఎక్కించి మీ ఇంటికి తీసుకువస్తాను. ప్రశ్నపత్రంలోని ఎరుగని పేరాను మీకు చదివి వినిపిస్తుంది. ఈ విశ్రాంత జీవితంలో మీ నడుముకు నెమ్మది దొరకాలని, మీ భర్త శ్రీ అబ్దుల్ గనీ గారితో, పిల్లలతో కలిసి మీరు చిరకాలం ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, ఆ పిల్ల ఎంత మెల్లగా చదివినా చివరి వాక్యం దాకా మీరు కూర్చుని వినాలని మనసారా కోరుకుంటున్నాను.

కాశప్ప,
గణిత ఉపాధ్యాయుడు