ముంత చింత

మైలురాయి దాటినాక రోడ్డు వంపు తిరిగే చోట ఒక చింతచెట్టు ఉంది చూడండి, దాన్నే ముంత చింత అంటారు. ఏటేటా విరగకాస్తది, ఒక్కడూ కాయ కొయ్యడు. రాలింది రాలినట్టే పురుగు పట్టి పోతది. లారీవాళ్లు కూడా ఆ నీడన ఆపరు, ముందుకు పోయి మండుటెండలో ఆపుకుని మాడతారు గానీ. అట్టాంటిది, మొన్న మీలో ఎవడో అక్కడ బండి ఆపుకుని ఫోను మాట్లాడాడంట గదా? ఎవరో నేను చెప్పన్లే, తల దించుకున్నాడు చూడండి, వాడే. సరే, ఇట్టా దగ్గరికి జరగండి, నా గొంతు ఇదివరకట్లా లేదు. ఆ టీవీ ఎవరన్నా కట్టెయ్యండర్రా, చెవులు హోరెత్తిపోతున్నయ్యి.

అప్పట్లో నేను బస్సు స్టేజీ దగ్గర టీ కొట్టు నడిపేదాన్ని. అందుకే ఈ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ ముంత కట్టిన మనిషి తన నోటితోనే నాకు చెప్పాడు.

వాళ్లది పైన కొండల దాపున మెరక ఊరు. ఊరి పేరెందుకులే, వాళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు. ఆయన పేరు ఏడుకొండలు, మిరప వేసేవాడు. మంచోడు. అది ముందే చెప్తున్నా, చెడ్డోడైతే ఈ కథ చెప్పుకోవాల్సిన పనే లేదు. వాళ్లమ్మ పేరమ్మ. పుట్టిందీ మెట్టిందీ ఆ కొండల్లోనే, ఆమెకి నీళ్లంటే చేదబావి, మహా అయితే సాగర్ కాలవ. అట్టాంటి ఆమెకి ఎవరో చెప్పారంట, సముద్రానికి అవతలి ఒడ్డు కనపడదని. ఇంక అప్పట్నుంచి ఆ ముసలామెకి అదే పిచ్చి. ఒడ్డు కనపడకపోతే మరి నీళ్లు ఎట్టా ఆగుతయ్యిరా ఏడుకొండలూ, అని కొడుకుని అడిగేదంట, అడిగి, నన్నొకసారి తీసకపోరా, ఒక్కసారి చూసొస్తా, అనేదంట.

ఏడుకొండలు ఏమనేవాడు? ఇదుగో, కాయ కోత అయిపోనియ్యమ్మా, పోదాం, అనేవాడు. కాయ కోత అయ్యేది, రేటు పడిపోయిందనేవాడు. ఆ మరుసటేడు బోరు ఎండిపోయింది. ఆ పై ఏడు ఇంట్లో ఎవరికో జొరం. ఎప్పుడడిగినా, ఇదుగో అమ్మా, ఇదుగో, అనేవాడే గానీ కాదని ఒక్కనాడూ అనలేదు. కాదని ఉంటే ఆమె రెండ్రోజులు అలిగి ఊరుకునేది గదా? ఇదుగో అన్న పాపానికి, అన్న ప్రతిసారీ ఉన్నవాటిల్లో మంచి కోక ఉతుక్కుని, గంజి పెట్టుకుని, మడిచి మంచం పక్కన పెట్టుకునేదంట ప్రయాణానికి. ఆ మడతలోనే ఆ కోక చిరుగులు పట్టింది. చివరాఖరికి మంచాన పడి, నోట్లో నీళ్లు పోస్తుంటే, ఇయ్యి ఉప్పగా లేవేందిరా, అని అడిగి కన్ను మూసింది.

అప్పుడు ఏడ్చాడు ఏడుకొండలు, గుండెలు బాదుకుని ఏడ్చాడు. ప్రాణం ఉండగా చూపించలేకపోయా, బూడిదైనా సముద్రంలోనే కలుపుతా, కాలవలో కలిపితే నా మీద ఒట్టు, అని నలుగురిలో అన్నాడు. చిన్నదినం అయ్యాక కొత్త ముంతలోకి అస్థికలు ఎత్తి, మూతికి ఎర్రగుడ్డ వాసెన కట్టి, పదిమంది పట్టే తుఫాను జీపు ఒకటి మాట్లాడాడు. మస్తాననీ, డ్రైవరు.

ఏడుకొండలు పెళ్లాం నాంచారమ్మ ఉందే, ఆమె అన్నదంట, ఎటూ అంతదూరం పోతున్నాం, పిల్లలు మాత్రం ఎప్పుడు చూశారు, అందర్నీ ఎక్కించుకుందాం అని. అందులో తప్పేముంది, మీరే చెప్పండి? తప్పేమీ లేదు. ఎక్కించుకున్నారు. ఆడబిడ్డ, ఆమె పిల్లలు, వీళ్ల పిల్లలు, పులిహోర డబ్బాలు, పెరుగన్నం, చాపలు, దిళ్లు, ఒక గాలి బంతి కూడా. తల్లి బూడిద కలపడానికి పోతా గాలి బంతి ఎందుకమ్మా అని అడిగేవాడు ఎవడూ లేకపోయె!

అస్థికల ముంతకి ఒక పద్ధతుంది, మీకు తెలిసుండదు, ఇప్పుడెవరికి పట్టింది గనక. అది నేల మీద పెట్టకూడదు. మోసేవాడు ఒళ్లోనే పెట్టుకోవాలి. అన్నాలు తినే చోట ఉంచకూడదు, దూరంగా కొమ్మకి కట్టాలి. మళ్లీ కదిలేటప్పుడు, లేమ్మా, పోదాం రా, అని పిలిచి దించుకోవాలి. పిలవకపోతే పోయినోళ్లకి బయల్దేరామని ఎట్టా తెలుస్తది? చెవులు కాలిపోయె, కళ్లు కాలిపోయె, కొడుకు పిలుపొక్కటే గదా వాళ్లకి దారి. ఏడుకొండలు అవన్నీ పాటించాడు. దారి పొడుగునా ముంత ఒళ్లో పెట్టుకుని, అమ్మా కొండ దిగుతున్నాం, అమ్మా ఇది వంతెన, అని గొణుక్కుంటా వచ్చాడంట. మస్తాను తర్వాతెప్పుడో నా కొట్లో చెప్పాడు, వింటుంటే నాకే కళ్లెంబడి నీళ్లొచ్చినయ్యని.

మిట్టమధ్యాహ్నం వేళకి మన చింతచెట్టు కాడికి వచ్చారు. నీడ బాగుంది. ఆగారు. ముంతని కొమ్మకి కట్టాడు ఏడుకొండలు. చాపలేసుకుని తిన్నారు, పిల్లలు చింతచిగురు కోసుకుని నమిలారు, నవ్వుకున్నారు. సముద్రం ఇంకా ఎంత దూరం మావా అని పిల్లలు మస్తానుని పీక్కుతింటుంటే, మూడు గంటల దారిరా, ఇప్పుడు కదిలితే పొద్దుగూకే లోపల నీళ్లలో దిగొచ్చు, అన్నాడు. ఇంకేముంది, పొలోమని లేచి బండెక్కారు. ఆడబిడ్డ చిన్న కొడుకు ముందు సీటు కావాలని రాగం తీశాడు. ఏడుకొండలు వాణ్ని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

విన్నారా? ముంత ఉండాల్సిన ఒళ్లో పిల్లాడు. బరువు బరువుగానే ఉంది. వెచ్చగా కూడా ఉంది. ఒళ్లు ఖాళీ అయితే గదా మనిషికి గుర్తొచ్చేది.

పొద్దుండగానే చేరారు. ఆ నీళ్లు చూసి పెద్దలు కూడా పిల్లలైపోయారు. ఏడుకొండలు పంచె ఎగ్గట్టి నడుం లోతుకి పోయాడు, అల వచ్చి కొడితే పకపకా నవ్వాడంట. బంతాట ఆడారు. మైల రోజులని చేపల వేపుడు మాత్రం ముట్టలేదు, ఆ ఒక్కటీ పాటించారు మహానుభావులు. తెల్లారి, ఇసుకలో పీట వేసుకుని కూర్చున్న పంతులుగారు, ఏదయ్యా, అమ్మగారిని ఇటియ్యి, అని చెయ్యి చాపాడు చూడండి, అప్పుడు గుర్తొచ్చింది.

ఏడుకొండలు లేచి బండి కేసి చూశాడు. పోయి తెచ్చుకుందామంటే పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. పంతులుగారేమో అవతల వేరేవాళ్లు కూర్చున్నారు కానివ్వమంటాడు. తెలిస్తే ఆడబిడ్డ నెత్తీ నోరూ కొట్టుకుంటదని నాంచారమ్మ భయం. ఆమె గమ్మున పోయి టిఫిను బండి పొయ్యిలో బూడిద ఇంత ఇంకో ముంతలోకి ఎత్తి తెచ్చి, గుడ్డ కట్టి మొగుడి చేతిలో పెట్టి, ఎవరు చూడొచ్చారు, పోయేటప్పుడు ఆమెని తీసుకుని కాలవలో కలుపుదాంలే, అని చెవిలో ఊదింది. ఏడుకొండలు ఆ పొయ్యి బూడిద తీసకపోయి సముద్రంలో పోశాడు. పంతులుగారు పేరు పెట్టి పిలవమన్నాడు. పిలిచాడు. గోత్రం చెప్పి, పేరు చెప్పి, పేరమ్మా, రా అమ్మా, అని సముద్రం వైపు తిరిగి గొంతు చించుకుని పిలిచాడు.

ఇప్పుడు మీరు చెప్పండి, ఆ ముసలామె ఏం కావాలి? సముద్రం దగ్గర కొడుకు రమ్మని పిలుస్తున్నాడు. ఇక్కడ కొమ్మ మీంచి దించినోడు లేడు.

పిల్లలు మళ్లీ నీళ్లు వదలక పొద్దు వాలినాక గానీ బయల్దేరలేదు, తిరుగు ప్రయాణంలో మన వంపు కాడికి వచ్చేసరికి చీకటి పడింది. పిల్లలతో ఈ వేళప్పుడు ఇక్కడ ఆపొద్దయ్యా, నువ్వొక్కడివే రేపొచ్చి తీసకపో, అని ఆడబిడ్డకి వినపడకుండా చెవిలో అన్నది నాంచారమ్మ. ఏడుకొండలు కళ్లు మూసుకుని, ఇదుగో అమ్మా, రేపొస్తా, అనుకున్నాడంట. చూశారా, మళ్లీ అదే మాట! రేపు పోయింది, ఎల్లుండి పోయింది, పెద్దదినం పనులు నెత్తిన పడినయ్యి.

ఈలోపల ఇక్కడ మన ఊళ్లో గోల. గొర్రెల యలమంద మిట్టమధ్యాహ్నం ఆ చెట్టు కిందగా మందని తోలుకుపోతుంటే, పైనుంచి ముసలి గొంతు అడిగిందంట, నాయనా, సముద్రం ఇంకా ఎంత దూరం, అని. వాడు కర్ర పారేసి, మందని వదిలేసి, నా కొట్లోకొచ్చి బల్ల కింద దూరాడు. ఆ తర్వాత ఇంకా విన్నారు చాలామంది. కొమ్మకి ముంత కనపడుతూనే ఉంది, ముట్టుకునే మొనగాడు ఎవడు?

అక్కడేమో పెద్దదినం నాడు పిండం పెడితే కాకి ముట్టలేదు. ఎదురుచూశారు, దణ్ణాలు పెట్టారు. కాకులన్నీ వచ్చి గోడ మీద వాలుతున్నయ్యి గానీ పిండం కేసి తిరిగి చూట్టంలా. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఏడుకొండలు ఒక్కడు నేల చూపులు చూశాడు. మర్నాడు మొదటి బస్సుకి బయల్దేరి ఇక్కడ దిగాడు.

నా కొట్లోనే కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు, గ్లాసు పట్టుకుని ఇదంతా చెప్పి, అక్కా, మా అమ్మకి నా మొహం ఎట్టా చూపించను, అని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనన్నా, అయ్యా, ఏడ్చింది చాలు, తల్లి దగ్గర సిగ్గేంది? పోయి దణ్ణం పెట్టి ఉన్నదున్నట్టు చెప్పు. నిన్ను మర్చిపోయానమ్మా, నువ్వు లేకుండానే సముద్రంలో ఆడుకున్నానమ్మా, సముద్రం ఇంకా మూడు గంటల దారి ఉంది, లేచి రా పోదాం, అని దించుకో. దారి అడుగుతది, ఎంతుంటే అంతే చెప్పు. తక్కువ చేసి చెప్పబోకు, అన్నా. సరే అక్కా, అట్టాగే చెప్తా, అని లేచి పోయాడు.

యలమంద గట్టు మీంచి చూస్తానే ఉన్నాడు. ఏడుకొండలు చెట్టు కిందికి పోయి చెప్పులు విడిచాడంట, చేతులు జోడించాడంట. ముంత మీద చెయ్యి వేశాడో లేదో, పైనుంచి ఆమె అడిగిందంట, కోపంగా కూడా కాదంట, ఎంతో ఆశగా, ఏడుకొండలూ, వచ్చావా నాయనా, సముద్రం ఇంకా ఎంత దూరంరా, అని.

నోరు తెరిచాడు. నిజమే చెప్పబోయాడేమో, ఆ దేవుడికే తెలవాలి. పుట్టినకాడ్నుంచి ఆ తల్లికి ఒకటే మాట చెప్పిన నోరది, ఇంకో మాట ఎట్టా వస్తది? ఇదుగో అమ్మా, వచ్చేసింది, అన్నాడు.

కొడుకు వచ్చేసిందన్నాడు. ఆమె నమ్మింది. వచ్చేసింది.

గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తి గట్టెక్కి పరిగెత్తినయ్యంట. హోరు, వంద లారీలు ఒక్కసారి పోతున్నట్టు హోరు. కంటికి మాత్రం చుక్క నీరు కనపడలేదంట. యలమంద కేకలు విని మేము ఉరికేసరికి ఏడుకొండలు చెట్టు కింద వెల్లకిలా పడున్నాడు. గుడ్డలు ముద్దగా తడిసినయ్యి. జుట్టులో ఇసుక, నోటి నిండా ఇసుక. నేను చేత్తో మొహం తుడిచి, ఎందుకో వేలు నాలిక్కి తగిలిస్తే ఉప్పు. ఆ చుట్టుపక్కల మట్టి మాత్రం పొడిపొడిగా ఉంది, కాలు వేస్తే దుమ్ము లేస్తా ఉంది. పట్నం డాక్టరు గుండెపోటన్నాడంట. గుండెపోటుకి నోట్లో ఇసుకెందుకొస్తదో ఆయన్నే అడగాలి.

ముంత కొమ్మకే ఉంది. లోపల బూడిద లేదు, కడిగి బోర్లించినట్టు ఉంది. ఆ తల్లి చూడాల్సింది చూసి వెళ్లిపోయింది. ముసలి గొంతు ఆనాటితో ఆగింది. ఇప్పుడు ఆ చెట్టు కింద వినపడేది మగ గొంతు. ఆగినోళ్లతో మెల్లిగా, బతిమాలుతున్నట్టు అంటది, ఇదుగో, వచ్చేసింది, అని. అది చెవిన పడ్డప్పుడు పెదాలు తడుముకుని చూసుకోండి, ఉప్పగా తగిలితే వెనక్కి తిరక్కుండా ఉరకండి.

అందుకే అక్కడ ఆగొద్దనేది. ఒంటికొస్తే తర్వాతి ఊరిదాకా బిగబట్టుకోండి, ఫోనొస్తే మోగనియ్యండి, ఎవరూ చచ్చిపోరు. మీలో ఎవరన్నా వాళ్లమ్మతో ఇదుగో తీసకపోతా, అదుగో తీసకపోతా అని చెప్పి ఉంటే మాత్రం వాళ్లు ఆ రోడ్డే తొక్కొద్దు. చెరువుకట్ట మీదుగా చుట్టుదారి ఉంది, దూరమైనా దాన్నే పొండి. ఏరా, తల దించుకున్నోడా, నీకే చెప్తున్నా. ఇంక లేవండి, నాకు నిద్దరొస్తంది.