ఆ మాత్ర పడ్డాక

హలో… ఆఁ, నేనేనండీ డాక్టరమ్మగారూ. రత్నకుమారిని. కైకలూరు నుంచి… కనకరాజు గారి భార్యని. తలలో పెద్ద గడ్డ, కంటి నరం మీద ఆనిందన్నారు చూడండి… ఆయనేనండీ.

సిస్టర్ గారికి చెప్పలేక… మీతోనే మాట్లాడాలన్నాను.

చూపా? చూపు వచ్చేసిందండీ. మా చేపల చెరువు అవతలి గట్టు మీద కొంగలు కూడా లెక్కపెడుతున్నారు… ఆఁ, మీరు రాసింది వారానికి రెండు మాత్రలు. గడ్డ సగానికి తగ్గిందన్నారు కదా మీరు…

అది కాదండీ. ఎలా చెప్పాలో…

లేదండీ, ఎవరూ లేరు. దొడ్లోకి వచ్చాను.

ఆయన… మారిపోయారండీ. పగలనక, పిల్లలున్నారనక… నా దగ్గరికే… ఆఁ. అదేనండీ. పెళ్లాన్ని కదా అని ఊరుకున్నాను.

అక్కడితో ఆగలేదండీ. పక్కింటి భాగ్యశ్రీకి ఫోన్లో రాశారు. రాయకూడనివి… పది రోజుల కిందట చెయ్యి కూడా పట్టుకున్నారు.

ముందా? అయ్యో, లేదండీ! ఇరవై ఏళ్లలో పరాయి ఆడమనిషి వంక తలెత్తి చూడలేదు.

…ఏంటండీ?

మాత్ర వల్లా?

…ఏ కొద్దిమందికో… ఇలా ఉంటుందా?

అయితే పోయిన నెల మీరు అడిగింది ఇదేనా? మనసులో ఏమైనా తేడాగా ఉందా అని… ఆయన ఏమీ లేదన్నారు. పక్కన కూర్చుని నేనూ తలూపాను. సిగ్గేసి.

…ఆయన చెప్పారండీ. "ఆ మాత్ర పడ్డాక నా బుర్ర నా మాట వినట్లేదే" అని ఏడ్చారు. నేనే… చేసిన పాడుపని మందు మీదికి నెడతావా అన్నాను. భాగ్యశ్రీ వాళ్ల ముందు, మా అత్తగారి ముందు… చెప్పు తీశానండీ.

ఆయన ఇప్పుడెక్కడున్నారనా?

ఇంట్లో లేరు. చెరువు మీద పాకలో ఉంటున్నారు, తొమ్మిది రోజులైంది… మాత్రలా? ఇక్కడే ఉన్నాయి. పట్టుకెళ్లలేదు.

మానేస్తే మళ్లీ పెరుగుతుందా? చూపు కూడా…? అయ్యో…

ఆయన్ని తీసుకొస్తానండీ, రేపే. మందు తగ్గిస్తారో, ఆపరేషనే అంటారో… మీరెలా అంటే అలాగే.

ఒక్క మాటండీ. భాగ్యశ్రీకి ఏం చెప్పను? మాత్ర వల్లేనంటే ఆ పిల్ల పడ్డ భయం పోతుందా… ఆఁ. ముందు క్షమాపణ. మాత్ర సంగతి తర్వాత… సరేనండీ.

ఆయన ఫోన్ ఎత్తరండీ. ఆ రోజు మొహం చూపించొద్దని నేనే అన్నాను… నేనే వెళ్తాను.

ఇప్పుడేనండీ. వలలు లాగే వేళ, గట్టంతా జనం ఉంటారు… ఉండనీయండి. వాళ్లందరూ వినేలాగే పిలుస్తాను, ఇంటికి రమ్మని.

ఉంటానండీ.