ఎల్లస్వామి మళ్లించిన వాయుగుండం

దీపావళి సెలవుల వారంలో నర్సంపేట రోడ్డు మీద బండ్లకంటే వడ్లే ఎక్కువ. తారురోడ్డులో సగం బస్సులకు, సగం ఆరబోసిన ధాన్యానికి అని ఎవరూ గీత గీయలేదు, అయినా డ్రైవర్లు ఆ గీత దాటరు. కొనుగోలు కేంద్రానికి తాళం పడింది. పండగ ముందు సమ్మమ్మ వడ్లలో యంత్రం పెట్టి చూసిన సారు, "తేమ జర ఎక్కువుందమ్మా, ఇంకో ఎండ చూపియ్యి," అని చెప్పి, ఆ యంత్రాన్ని బీరువాలో దాచి, తాళంచెవి జేబులో వేసుకుని సొంతూరికి పోయాడు. ఆఫీసుకు సెలవు, మిల్లుకు సెలవు, హమాలీలకు సెలవు. పండించిన మనిషికి మాత్రం సెలవు మంజూరు చేసే అధికారి ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

సమ్మమ్మది కౌలు సేద్యం. ఆ వడ్లు తడిసి మొలకెత్తితే కేంద్రం వద్దంటుంది, కేంద్రం వద్దంటే వచ్చే ఏడు ఆ భూమి ఆమెకు దక్కదు. కేంద్రంలో ఇచ్చే టార్పాలిన్ పరదాలు ముందొచ్చినవాళ్లతోనే అయిపోయాయి. కొందామంటే వరంగల్‌లో దుకాణాలకు పండగ. పరిచే ఉంచాలా, కుప్ప చేయాలా అన్నది తేలక, పొద్దున్నుంచి వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తూ తిరిగి తిరిగి, మూడో జాముకు రోడ్డు దాటి ఫ్రాన్సిస్ చాయ్ కొట్టు బల్ల మీద కూలబడింది.

ఆమె ఊరి పిల్లగాడు మధు అప్పటికే అక్కడ ఫోను చూస్తున్నాడు. వాళ్ల వడ్లు కాంటా అయిపోయాయి, ఖాళీ సంచుల కోసం వచ్చాడు.

"బంగాళాఖాతంల వాయుగుండమంట అత్తా. మన దిక్కు ఆరెంజ్ అలర్టు. ఈ వారమంత ఉరుములు, మెరుపులు, అక్కడక్కడ భారీ వర్షం."

"అక్కడక్కడ అంటే యాడ బిడ్డా?"

"గది రాయలే."

"ఆ ఫోను జేబుల పెట్టు మధూ," అన్నాడు బల్ల చివర కూర్చున్న ఎల్లస్వామి. ఒకప్పుడు లారీ తోలినవాడు, ఇప్పుడు రెండెకరాల వరి వేస్తాడు, సమ్మమ్మకు వరసకు అన్న. "వాన సంగతి నన్నడుగు. ముందు నా ముక్కుకు ఎరుకైతది, ఆ తర్వాతనే ఫోనుకు."

"షురూ అయ్యిందిగా," అని ఫ్రాన్సిస్ చాయ్ గిన్నెలో ఇంకొంచెం నీళ్లు పోశాడు. ఎల్లస్వామి మొదలుపెడితే రెండో చాయ్ ఖాయం.

సమ్మమ్మ లేవాలనుకుంది. కాళ్లు లేవలేదు. వాన రాదని చెప్పే మనిషి ఒక్కడు దొరికాడు, అతని మాట కాసేపు విందామని మనసు బతిమాలింది.

"కొన్నేండ్ల కింద గిట్లనే దీపావళి సెలవులు. నేను లారీల పత్తేసుకొని ఎనుమాముల మార్కెట్‌కు పోతాన. ఖిలా వరంగల్ కాడ టైరు పంచరైంది. దిగిన. దిగంగనే గుప్పుమని వాసన. వాన వాసన గాదు చెల్లే, సముద్రం వాసన."

"సముద్రం ఎన్నడు చూసినవ్ కాకా?" మధు అడిగాడు.

"చూడనోనికే రా వాసన గట్టిగ తెలిసేది. జల్ది టైరు మార్చిన, ఒక షెడ్డు కిందికి లారీ తోలిన, అటు తోలిన్నో లేదో ఇటు దబదబ వాన. పత్తి మీద ఒక్క సినుకు పడలే. గింతే. ఇది పెద్ద గొప్ప గాదు, ముక్కున్నోడు ఎవడన్న చేస్తడు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆ ముచ్చట ఎట్ల పోయిందో ఏమో, వాతావరణం చెప్పేటోళ్ల చెవుల పడ్డది. తెల్లారంగనే ఫోను. 'ఎల్లస్వామిగారూ, ఈ సెలవుల వారం ఎట్లుంటదండీ?' అని. నేను కండ్లు గూడ తెరవలే, పండుకునే చెప్పిన. సోమారం పొడి, మంగళారం మంచు, బుధారం నాలుగు సినుకులు గని అవి ములుగు దిక్కే, బేస్తారం నుంచి సలి. టీవీల అక్షరం మార్చకుంట చదివిండ్రు. ఆ నాలుగు సినుకులు గూడ లెక్కకు నాలుగే పడ్డయి, ములుగు బస్టాండుల ఒకాయన నెత్తి మీద."

"టీవీల నీ పేరు రాలేదేందన్నా?" ఫ్రాన్సిస్ గ్లాసు అందిస్తూ అన్నాడు.

"మనమెన్నడు మన పేరు విన్నం ఫ్రాన్సిస్? పని మనది, పేరు వాళ్లది. లోకమంత గట్లనే నడుస్తాంది." ఎల్లస్వామి ఒక్క గుక్క తాగాడు. "అసలు ముచ్చట ఇనుండ్రి. మరుసటేడు ఒక వాయుగుండం మొండికేసింది. వద్దంటె ఇనకుంట బయలుదేరింది. ఊర్లన్నీ వడ్లు ఆరబోసుకున్నయి, ఎవలడ్డం పోవాలె? నేనే చింతకాయ దులిపే దోటి పట్టుకొని ఖిలా లోపలి గుట్టెక్కిన. ఇంక సూర్యుడు లేవలే. మంచుల నిలవడ్డ. కొంచెంసేపటికి వచ్చింది పాపం. బంగాళాఖాతం నుంచి నడిచొచ్చింది గదా, కాళ్లు వాచినయి, ఆయాసపడతాంది. దోటితోని కొస పట్టి మెల్లగ కిందికి గుంజిన. కాకతీయుల రాతి తోరణాల నడుమ బండ మీద కూసోవెట్టిన."

సమ్మమ్మకు కళ్లు మూసుకుపోతున్నాయి. కాపలా కాసి కాసి రాత్రిళ్లు నిద్ర లేదు. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది.

"ముట్టుకుంటె ఏముండె అనుకున్నరు? సల్లటి దూది. వరంగల్ పత్తంత ఒక్క మూట కట్టినట్టు. లోపల చెవి పెడితె దూరంగ అలల సప్పుడు. ఆ తడి వాసనకు తోరణం మీది రాతి హంసలు లేవా! లేచి, రెక్కలు దులుపుకొని, ఒక్కొక్కటే దిగొచ్చి, మబ్బుల మూతి పెట్టి నీళ్లు తాగి, మళ్ల పోయి యాడియాడ్నే రాయైనయి. వాటి గొంతుల ఇంక తడుందంటరు, పోయి చూసుకోండ్రి."

"మబ్బు ఏమన్నది కాకా?"

"నేనడిగిన. 'ఎవల మీద కురువనీకి వచ్చినవే?' అంటె, 'నాకేమెరుకన్నా, పైనుంచి ఆర్డరు' అన్నది. 'నువ్వే పైనుంటివి, నీ పైన ఇంకెవలున్నరు?' అన్న. 'గోదాములు నింపుకొని తలుపేసుకున్నోని మీద కురువవు, రోడ్డు మీద ఆరబోసుకున్నోళ్ల మీదికొస్తవు. నువ్వు ఎవల పక్షం? తేల్చుకో!' అన్న. అది ఏడ్చుడు మొదలువెట్టింది. మబ్బు ఏడుస్తె ఏందిరా? వానే గదా! దబ్బున తువ్వాల తీసి దాని కండ్లు తుడిచిన. జరంత ఆలస్యమైతె ఖిలా కింది కరీమాబాదంత మునుగుతుండె."

ఫ్రాన్సిస్ నవ్వి దగ్గాడు. మధు ఫోను సంగతి మరిచాడు. సమ్మమ్మ మాత్రం నవ్వలేదు. మబ్బును నిలబెట్టి ఎవరి పక్షమని అడగడం ఆమెకు నచ్చింది. ఆ ప్రశ్న ఆమె కూడా చాలామందిని అడగాలనుకుంది, బీరువాకు తాళం వేసిన సారుతో మొదలుపెట్టి.

"ఇగ దాన్ని యాడ్నో ఒక కాడ దింపాలె గదా. అడవికైతె వాన చెరుపు చెయ్యది. నడుముకు తాడు కట్టి హనుమకొండల ములుగు బస్సెక్కించిన. కండక్టరమ్మ ఆధార్ కార్డడిగింది. ఆడోళ్లకు ఫ్రీ గదా, గని వాయుగుండం ఆడదో మొగదో నాకేమెరుక? సొంతూరు బంగాళాఖాతమంటె, 'తెలంగాణ అడ్రసుంటెనే' అన్నది. ఆఖరికి సామాను లెక్క బస్సు మీద కట్టినం. కట్టంగనే బస్సు తేలికైంది! టైర్లు రోడ్డుకు తాకుతలేవు. డ్రైవరు స్టీరింగు ఇడిచిపెట్టి చేతులు కట్టుకున్నడు. పత్తి చేన్ల మీదికెల్లి పోతానం, కింద తెలుపు, పైన తెలుపు, నడుమ మేము. సప్పుడు లేదు. బస్సుల అందరు నిద్రపోయిండ్రు, అందరికి ఒక్కటే కల. మా ఊరి వడ్లన్నీ ఎండి, గలగలమని, తమంతట తామే సంచులల్ల దుంకుతానయి..."

సమ్మమ్మ కూడా ఆ బస్సులోనే ఉంది. కిటికీ చల్లగా తగులుతోంది. కింద ఆమె వడ్లు కనిపిస్తున్నాయి, రోడ్డు పొడుగునా, పసుప్పచ్చగా, ఎండి. ఎవరూ వాటిలో యంత్రం పెట్టడం లేదు. ఎవరూ ఇంకో ఎండ అడగడం లేదు. సారు తాళంచెవి పట్టుకుని, ఆమె కోసం నిలబడి ఎదురుచూస్తున్నాడు. ఎంత బాగుంది. ఇట్లా ఎవరైనా చెబుతూ పోతే ఎంత దూరమైనా పోవచ్చు.

"...ములుగు అడవిల ఇడిచిపెడితె, పోతపోత ఒట్టేసింది. 'అన్నా, నువ్వు కూసున్న కాడికి రాను, నా సుట్టాలను గూడ రానియ్య' అని. అప్పటి సంది నేను కూసున్న సుట్టు పది ఊర్లల్ల ఈ సెలవుల వారంల సినుకు పడితె నా మీసం తీసేస్త. ఫికర్ చేయకు చెల్లే. నువ్వు పరిచే ఉంచు. ఆ వాయుగుండం నా మాట జవదాటది."

చెంప మీద చల్లగా తగిలింది కల కాదని సమ్మమ్మకు అప్పుడు తెలిసింది. గాలి మారింది. కళ్లు తెరిచేసరికి వెలుగు ఇత్తడి రంగులోకి దిగింది. రోడ్డు మీద ఆమె వడ్ల అంచున పొట్టు లేచి తిరుగుతోంది. తూర్పున నర్సంపేట వైపు ఆకాశం నల్లగా ముడుచుకుంటోంది.

ఆమె లేచి నిలబడి రోడ్డవతలికి చూసింది. వరసగా కుప్పలు. ఆ చివర ఎల్లస్వామిది. ఎప్పుడు చేశాడో, ఎత్తుగా, గుండ్రంగా కుప్ప చేశాడు. దాని మీద ఒక నీలం పరదా, దాని మీద ఇంకో నల్ల పరదా, చుట్టూ బండరాళ్లు, అడ్డంగా నిలువుగా తాళ్లు.

"అన్నా."

"చెప్పు చెల్లే."

"వాయుగుండం నీ మాట ఇంటది గదా."

"ఇంటది."

"మరి నీ వడ్ల మీద రెండు పరదాలెందుకు?"

ఫ్రాన్సిస్ గిన్నె దించి అటు చూశాడు. మధు లేచి చూశాడు. చూసి, "అబ్బో కాకా! మేకు గూడ కొట్టినవ్‌గా!" అన్నాడు.

ఎల్లస్వామి గ్లాసు అడుగున ఏమీ లేకున్నా ఒక గుక్క తాగాడు. కానీ ఓడిపోయే మనిషి కాదు. "అది వానకు కాదు చెల్లే. ఆనవాలుకు. పై నుంచి చూస్తె అన్ని కుప్పలు ఒక్క తీరే కనవడతయి గదా. ఇది ఎల్లస్వామిదని దానికి తెలువాలె, అందుకని కప్పిన."

"మంచిదే," అంది సమ్మమ్మ. "ఆనవాలుకు ఒక్కటి సాలదా? రెండోది నా కుప్ప మీద కప్పుదాం. నేను నీ చెల్లెనని దానికి ఎరుకైతది."

మధు పగలబడి నవ్వాడు. ఎల్లస్వామి ఆకాశం వైపు ఒకసారి చూశాడు. అటునుంచి సాయం రాలేదు. అప్పటిదాకా ఆ మాటల మీద తేలిన సమ్మమ్మ మాత్రం ఇంక ఆగలేదు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని రోడ్డు దాటింది. మధు కేంద్రం గోడకు ఆనించి ఉన్న తోపుడు చెక్క తెచ్చాడు. ఫ్రాన్సిస్ పొయ్యి తగ్గించి పార పట్టుకొచ్చాడు. తోస్తుంటే వడ్లు గలగలమన్నాయి. సారు అడిగిన ఆ ఇంకో ఎండ పొద్దున్నే తాగేశాయేమో, ఎవరు చెప్పగలరు? రోడ్డు మధ్యలోకి జారిన గింజల్ని కూడా ఆమె అరచేతులతో ఊడ్చి కుప్పలో వేసింది.

ఎల్లస్వామి వచ్చాడు. గొణుక్కుంటూనే తన కుప్ప తాళ్లు విప్పి, నల్ల పరదా లాగి, భుజాన వేసుకుని వచ్చాడు. నలుగురూ నాలుగు మూలలు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే గాలి అడుగు నుంచి దూరి, పరదా ఒక్కసారి పొంగి, పైకి లేచింది. ఎల్లస్వామి మూల చేతిలోంచి జారిపోబోయింది. తారు మీద మొదటి చినుకులు టపటపమని పడ్డాయి.

"గట్టిగ పట్టు అన్నా!" అని అరిచింది సమ్మమ్మ. "ఇది మబ్బు గాదు, చెప్తె ఇనేటందుకు!"